దేశ భద్రత కోసం మత స్వేచ్ఛను ఎంతవరకు ఆపొచ్చు? ఎయిర్‌పోర్టులో నాకు ఎదురైన కిర్పాన్ సంగతి

భద్రత పేరు చెప్పి మతాచారాన్ని అడ్డుకోవచ్చా అని అడిగారు. కొన్నేళ్లు ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో పనిచేశాను కాబట్టి, నేను చూసిందే చెబుతాను.

2023లో ఒకరోజు తెల్లవారుజామున, ముంబై ఫ్లైటుకి ఒక సర్దార్‌జీ వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. చొక్కా కింద కిర్పాన్ (సిక్కులు మతాచారంగా ధరించే కత్తి) ఉంది. నేనప్పుడు ఉద్యోగానికి కొత్త. "కత్తి కత్తే కదండీ, తీసేయండి" అన్నాను, కాస్త గొంతు పెంచే. ఆయన చక్కటి తెలుగులో, "స్కేలు తెచ్చి కొలిచి చూడు బాబూ" అన్నారు. (తాతల కాలం నుంచీ హైదరాబాదేనట.) వెనక లైను పెరిగిపోతోంది, నాకేమో టెన్షన్. ఇంతలో మా సీనియర్ వచ్చి నిజంగానే స్కేలు పెట్టి కొలిచారు. బ్లేడు ఐదున్నర అంగుళాలు. పంపించేశాం. మా రూలు నాకంటే ఆ పెద్దాయనకే బాగా తెలుసు.

ఆ రూలు 2022 మార్చిలో పౌర విమానయాన భద్రతా బ్యూరో ఇచ్చింది. బ్లేడు 6 అంగుళాలు, పిడితో కలిపి 9 అంగుళాలు దాటకూడదు. అదీ దేశం లోపల తిరిగే విమానాల్లో, సిక్కు ప్రయాణికులకే. దీన్ని సవాలు చేసిన పిటిషన్‌ను ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

ఆరు అంగుళాలతో మనిషిని చంపలేరా అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1981లో ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్లే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని కిర్పాన్లు చూపించే లాహోర్‌కు హైజాక్ చేశారు. కాబట్టి కొలత పెట్టడాన్ని నేను తప్పుపట్టను.

కానీ ఆ రోజు నేను చేసింది వేరు. కొలవకుండానే, మనిషిని చూసి ఆపేశాను. తర్వాత ఇంటికెళ్లి రాజ్యాంగం తిరగేస్తే, కిర్పాన్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమని, మత స్వేచ్ఛ హక్కునిచ్చే 25వ అధికరణ వివరణలోనే రాసి ఉంది. ఆ హక్కుకి పెట్టిన హద్దులు ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు. వాక్ స్వాతంత్ర్యం దగ్గర, 19(2)లో కనిపించే 'రాజ్య భద్రత' అన్న మాట ఇక్కడ లేదు. అంటే "సెక్యూరిటీ" అని ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకుంటే చాలదు, ప్రజాశాంతికి ఏం ముప్పో చూపించాలి. నాకు అర్థమైనంతవరకు మీ ప్రశ్నకు జవాబు ఇదే.

అన్నట్టు, ఆ పెద్దాయన వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నానని, అప్పుడు కిర్పాన్‌ని చెకిన్ లగేజీలో వేస్తానని నేనడక్కుండానే చెప్పి వెళ్లారు.