సొంత వెబ్‌సైటు పెట్టుకున్న యువ రచయితకు

చిరంజీవికి,

నీ సైటు లింకు అందింది. ఫోన్లో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి చూశాను. కథల సంగతి విడిగా రాస్తాను, వాటి మీద చెప్పాల్సింది చాలానే ఉంది. అక్కా అని పిలిచావు గనక సైటు గురించి మాత్రం మొహమాటం లేకుండా ఇప్పుడే చెప్పేస్తున్నా.

తెరవగానే వేణుగానం మోగింది. తర్వాత నీ పేరు ఒక్కో అక్షరమే ఎగిరొచ్చి అతుక్కుంది. ఆ వెనకే మూడు బొమ్మలు వాటంతటవే జరగడం మొదలుపెట్టాయి. ఇంతా అయ్యాక కథలెక్కడున్నాయా అని వెతికితే, మూలనున్న మూడు గీతలు నొక్కితే గానీ కనబడలేదు. భోజనానికి పిలిచి, వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి సన్నాయి కచేరీ వినిపించినట్టుంది. బస్సులో కూర్చున్నవాడు ఆ పాట మోగిన మరుక్షణం పేజీ మూసేస్తాడు. వాడు మళ్ళీ రాడు. అవన్నీ తీసెయ్. మొదటి పేజీలో కొత్త కథ పేరు, దాని తొలి పేరా, కింద పాత కథల జాబితా, ప్రతిదానికీ తేదీ. ఇంతకు మించి అక్కర్లేదు. నీ ఫొటో, పరిచయం, అవార్డులు వేరే పేజీలో పెట్టుకో. కథ నచ్చినవాడు వెతుక్కుని మరీ వస్తాడు.

ఇక అసలు విషయం అక్షరాలు. రెడీమేడ్ టెంప్లేట్లలో చాలాభాగం ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటిలో తెలుగు పోస్తే ఏమవుతుందో నీ సైటే చూపిస్తోంది. లైన్ల మధ్య ఎడం 1.2 ఉంది. ఇంగ్లీషుకి అది ఇరుకే అయినా గడిచిపోతుంది. మనకి గుడి పైకి లేస్తుంది, వత్తులు కిందికి దిగుతాయి. నీ రెండో కథలో ‘రాష్ట్రం’ అన్న మాట చూడు. టకారం, రకారం రెండూ ష కింద వేలాడుతున్నాయి, ఆ రకారం తోక కింది లైన్లో ‘కీ’ గుడిలోకి దూరింది. శీర్షికలో అయితే వత్తుల అడుగు సగానికి తెగిపోయింది. ఎడం 1.7కో 1.8కో పెంచు. శీర్షికలకీ తగ్గించకు, తెగేది ఎక్కువగా అక్కడే.

సైజు 18 పిక్సెళ్ళకి తగ్గనివ్వకు. అంకె చూసి ఊరుకోకుండా కళ్ళతో చూసి నిర్ణయించు, ఎందుకంటే ఒక ఫాంటులో నిండుగా కనిపించే 18 ఇంకోదాంట్లో నలకలా ఉంటుంది. ఫాంట్ల ముచ్చట కూడా నీకు కాస్త ఎక్కువైంది, ఒకే పేజీలో నాలుగు! రామభద్ర, రవిప్రకాశ్, ధూర్జటి లాంటివి పేర్లకీ శీర్షికలకీ బాగుంటాయి. పది పేజీల కథని వాటిలో చదవాలంటే కళ్ళు లాగేస్తాయి. కథకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చాలు. పైగా తెలుగు ఫాంటులో సంయుక్తాక్షరాలన్నీ ఇమడాలి గనక ఫైలు బరువు ఎక్కువ. నాలుగు ఫాంట్లంటే సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ళో పేజీ తెరుచుకునేసరికి ఓపిక అయిపోతుంది. అసలు ఏ ఫాంటూ పంపకపోయినా నష్టం లేదు. విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోన్లో కోహినూర్ తెలుగు ఎలాగూ ఉంటాయి, ఆండ్రాయిడ్ ఫోన్లూ తెలుగు ఫాంటుతోనే వస్తాయి. నన్నడిగితే అదే మేలంటాను.

వాలు అక్షరాలు మానెయ్. తెలుగు ఫాంట్లలో వాలు రూపం దాదాపు ఉండదు, బ్రౌజరే నిటారు అక్షరాన్ని పక్కకి ఒంచి చూపిస్తుంది. ఉత్తరాలు, కలలు, గతం అన్నీ వాలుగా వేశావు. అవి వేరని నీ వాక్యంలోనే తెలియాలి, లేకపోతే ఒక ఖాళీ లైను ఇవ్వు. రెండు అంచులూ సమానంగా కొట్టేయడం కూడా పుస్తకాలు చూసి తెచ్చుకున్న అలవాటే. ‘చెప్పుకోలేకపోతున్నానని’ లాంటి మాట ఫోన్ వెడల్పులో సగం తినేస్తుంది, మిగిలిన రెండు మాటల మధ్య గజం ఖాళీ వస్తుంది. ఎడమ అంచు ఒక్కటే సమంగా ఉంచి కుడివైపు వదిలెయ్. కంప్యూటర్లో మాత్రం కథ వెడల్పు 700 పిక్సెళ్ళు దాటనివ్వకు. ఈ చివర నుంచి ఆ చివరికి సాగిన లైను చదివి వెనక్కొచ్చేసరికి తర్వాతి లైను ఏదో మర్చిపోతాం.

రంగులు. తెల్లటి నేల మీద లేత బూడిద అక్షరాలు నాజూగ్గా ఉన్నాయని పెట్టుంటావు. వెబ్‌కి ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ళ సూచనల్లో మామూలు సైజు అక్షరానికీ నేలకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ఉంది. నీ బూడిద మూడు కూడా దాటేలా లేదు. ఈ నిష్పత్తి కొలిచి చెప్పే ఉచిత సాధనాలు బోలెడున్నాయి, చూసుకో. యాభై దాటినవాళ్ళం మధ్యాహ్నం ఎండలో ఫోను పట్టుకుని చదువుతామని గుర్తుపెట్టుకుంటే అవి కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించినది. పత్రికలో అచ్చయిన మూడు కథల్ని ఫొటోలు తీసి బొమ్మలుగా పెట్టావు. ఫోన్లో అక్షరం పెద్దది చేస్తే లైను తెర దాటి పోతుంది, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. గూగుల్లో ఆ కథలోని వాక్యం వెతికితే నీ పేజీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. చూపులేనివాళ్ళకి పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అక్కడ కథ ఉన్నట్టే తెలియదు. ఇరవై పాతికేళ్ళ కిందట తెలుగు సైట్లన్నిటిదీ ఇదే బాధ. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, అది దించుకోకపోతే తెరంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చాక గానీ మామూలు జనం కంప్యూటర్లలోకి చేరలేదు. అంత కాలం పట్టి వచ్చిన సౌకర్యాన్ని వదిలేసి నువ్వు బొమ్మలు పెడితే ఎలా?

పత్రికవాళ్ళ దగ్గర అను ఫాంటులో (అచ్చు పనికి వాడే, యూనికోడ్ కాని ఫాంటు) ఫైలు ఉంటే అడుగు, యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. మార్చాక మాత్రం మొత్తం ఒకసారి పైకి చదువు, వత్తులు, సున్నలు అక్కడక్కడా తారుమారవుతాయి. ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు పోయి బకారం వత్తుగా మారిపోతుంది. మధ్యలో కనబడని అక్షరం ఒకటి పెడితే సరిపోతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని, చాలా తెలుగు కీబోర్డుల్లో ఉంటుంది. అన్నట్టు, టెంప్లేట్ సెట్టింగుల్లో పేజీ భాష ఇంకా ఇంగ్లీషనే ఉంది. తెలుగు చెయ్, లేకపోతే ఆ పైకి చదివే సాఫ్ట్‌వేరే తికమకపడుతుంది.

కాపీ కాకుండా తాళం ఎందుకు వేశావో తెలుసు. దొంగతనం భయం. దొంగకి స్క్రీన్‌షాట్ ఉంది, వాణ్ణి ఏ తాళమూ ఆపదు. ఆగేదల్లా నచ్చిన వాక్యం స్నేహితురాలికి పంపుదామనుకున్న పాఠకురాలు, తెలియని మాట మీద వేలు పెట్టి నిఘంటువు చూద్దామనుకున్న కుర్రాడు. మన రచయితల సైట్లలో సగానికి ఈ జబ్బుంది. నీ కథ నీదని చెప్పడానికి కింద నీ పేరు, అచ్చయిన తేదీ ఉంటే చాలు.

ఫొటోలు ఫోన్లోంచి తీసినవి తీసినట్టే ఎక్కించావు, ఒక్కోటి నాలుగైదు ఎంబీ. 1200 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించు. బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాసే గడి ఉంటుంది, ఖాళీగా వదలకు.

చివరిది చిరునామాలు. నెలలో రెండుసార్లు మెనూ మార్చావట, ప్రతిసారీ కథల లింకులు మారాయి. పోయిన నెల నువ్వు వాట్సాప్‌లో పంపినవి ఒక్కటీ తెరుచుకోలేదు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో సెర్న్ పరిశోధన కేంద్రంలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైటు పాత ప్రతిని 2013లో మళ్ళీ అదే చిరునామాలో పెట్టారు. ఇప్పటి ఫోన్లో కూడా నిక్షేపంగా చదవచ్చు. అలంకారమంటూ ఏమీ లేదు, తెల్ల నేల, నల్ల అక్షరాలు, నీలం లింకులు. కథకి ఒకసారి ఇచ్చిన చిరునామా ఇక మార్చకు. అది ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా ఉంచు. ‘కథ’ అన్న రెండక్షరాలు చిరునామాలో ఉంటే, కాపీ చేసినప్పుడు పద్ధెనిమిది గుర్తుల కలగాపులగమవుతాయి. ఊరికే దొరికిన చోట సైటు పెట్టావు కాబట్టి కథల ప్రతులు నీ దగ్గర కూడా దాచుకో. జనం ఊరికే సైట్లు పెట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ 2009లో మూసేసినప్పుడు ఎంతోమంది పేజీలు దాంతోపాటే పోయాయి.

ముందు లైన్ల ఎడం సరిచెయ్, అది ఐదు నిమిషాల పని. పాట ఆపడం అంతకన్నా తేలిక. బొమ్మల్లో ఉన్న మూడు కథలకీ టైం పడుతుంది, ఒక్కోటి అక్షరాల్లోకి మారినప్పుడల్లా లింకు పంపు. మూడోదాంట్లో తండ్రి పాత్ర విషయంలో నీతో పెద్ద పేచీయే ఉంది నాకు. సగం లైన్లు మసగ్గా ఉండి ఆగాను.

ఉంటాను,
అక్క