ఫ్లూ లెక్క రాసే చేతికి, టీకా మాట చెప్పే నోటికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫ్లూ నిఘా పని, అంటే ఎంతమందికి ఫ్లూ లక్షణాలున్నాయో వారం వారం లెక్కరాసే పని, నీకు అప్పగించారని తెలిసింది. ముందుగా ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో ఖాయం చేసుకో. కొలిచి చూసిన జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ లేదా ఆపైన, దానికి తోడు దగ్గు, అది గత 10 రోజుల్లో మొదలైంది అయ్యుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ఇదే. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినవాళ్లను విడిగా రాయి. సీజన్ మధ్యలో ఈ కొలత మార్చావంటే పాత వారాలతో పోల్చడానికి ఏమీ మిగలదు.

చాలామంది మరచిపోయేది మొత్తం ఓపీ సంఖ్య. ఒక వారం 400 మంది వస్తే అందులో 40 మందికి ఫ్లూ లక్షణాలున్నాయనుకో, అది 10 శాతం. మరుసటి వారం సెలవులొచ్చి 200 మందే వచ్చారు, లక్షణాలున్నవాళ్లు 36 మంది. అంకె తగ్గిందని ఊపిరి పీల్చుకుంటే మోసపోతావు. నిజానికి అది 18 శాతానికి ఎగబాకింది. అందుకే రెండు సంఖ్యలూ పక్కపక్కనే ఉండాలి. గ్రాఫ్ గీసేటప్పుడు మనిషి వచ్చిన తేదీ కాదు, జ్వరం మొదలైన తేదీ వెయ్యి. సోమవారం ఓపీ కిటకిటలాడుతుంది కాబట్టి వచ్చిన తేదీలతో గీస్తే లేని ఉప్పెన కనిపిస్తుంది.

స్వాబ్, అంటే పరీక్ష కోసం పుల్లతో ముక్కులోంచి తీసే నమూనా, వీలైతే జ్వరం మొదలైన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే తియ్యి, తర్వాత వైరస్ పలచబడుతుంది. పుల్లను ముక్కులో పైకి పొడవకూడదు, ముక్కు నేల వెంబడి చెవి దిక్కుగా నెమ్మదిగా పోనిచ్చి తిప్పాలి. పాలిస్టర్ మొన ఉన్నదే వాడు. చెక్కపుల్ల, దూది వద్దు, అవి పరీక్షకు అడ్డుపడతాయి. తీసిన వెంటనే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పెట్టి ల్యాబ్‌కు పంపించు. మామూలు ఫ్రీజర్‌లో పెడితే శాంపిల్ పాడవుతుంది.

టీకాకూ అదే 2–8 డిగ్రీలు. గడ్డకడితే ఇక పనికిరాదు, కరిగించి వాడటానికి లేదు. టీకాలు తీసుకెళ్లే పెట్టెలో సర్దే ముందు ఐస్ ప్యాక్‌ను చెవి దగ్గర పెట్టి ఊపు. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తేనే టీకాల పక్కన పెట్టు. గట్టిగా రాయిలా ఉన్నదాన్ని ఆనించి పెడితే టీకాలు గడ్డకట్టి వృథా అవుతాయి.

ఇక జనంతో మాట. "వేసుకుంటే ఫ్లూ రానే రాదు" అని ఎప్పుడూ అనకు. టీకాలోని వైరస్ రకాలు జనంలో తిరుగుతున్న వైరస్‌తో బాగా సరిపోయిన ఏడాదిలో కూడా, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. వచ్చినా ఆసుపత్రిదాకా వెళ్లే పరిస్థితి తగ్గుతుంది. ఇది ఉన్నదున్నట్టు చెబితే, తర్వాత ఎవరికైనా ఫ్లూ వచ్చినా నీ మాట మీద నమ్మకం పోదు. "టీకా వేసుకున్నాకే జ్వరం వచ్చింది" అనేవాళ్లతో వాదించకు. పూర్తిగా విను. ఇంజెక్షన్‌లో ఉండేది బతికున్న వైరస్ కాదని, ఒకటి రెండు రోజుల ఒళ్లునొప్పులు మామూలేనని, రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుందని, ఈలోపు ఫ్లూ సోకే వీలుందని చెప్పు. వైరస్ రూపు మారుతుంది, రక్షణ కూడా తగ్గుతూ వస్తుంది, అందుకే ప్రతి ఏడాదీ వేయించుకోవాలి.

గర్భిణులను, పెద్దవయసు వాళ్లను, ఆస్తమా, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లను ముందు వెతుక్కుంటూ వెళ్లు. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు ఫ్లూ టీకా లేదు. గర్భంలో ఉండగా తల్లి వేయించుకున్నదే ఆ బిడ్డకు కాపు.

వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టు. ఆరు నెలలు దాటి తొమ్మిదేళ్లు నిండని పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి. ఆ కూర్చున్న సమయంలోనే రెండో డోసు తేదీ కార్డు మీద రాసి తల్లి చేతికివ్వు.