ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే 67 ఏళ్ల నాన్నగారికి 5 లక్షల ఆరోగ్య బీమా పాలసీ ఉంది. అదనంగా టాప్-అప్ తీసుకోవాలా, సూపర్ టాప్-అప్ తీసుకోవాలా?

సూపర్ టాప్-అప్పే తీసుకోండి. 5 లక్షల డిడక్టిబుల్ (ఖర్చు ఆ హద్దు దాటాకే ఈ బీమా డబ్బు ఇస్తుంది) పెట్టుకున్నారనుకుందాం. ఒకే ఏడాదిలో గుండెకు 4 లక్షలు, తర్వాత మోకాలికి 3 లక్షలు ఖర్చయ్యాయి. మామూలు టాప్-అప్ ఏ బిల్లుకాబిల్లు విడిగా చూస్తుంది. రెండూ 5 లక్షల లోపే కాబట్టి పైసా రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం కలిపి చూస్తుంది: 7 లక్షల్లో పాత పాలసీ 5 ఇస్తే మిగతా 2 ఇది ఇస్తుంది. ప్రీమియం తేడా కొంచెమే, దానికోసం టాప్-అప్ వైపు వెళ్లకండి.

మన గజపతి, రాయగడ జిల్లాల వైపు వాళ్లు పెద్ద జబ్బంటే విశాఖకే పరుగెడతారు. అందుకని మీరు వెళ్లే విశాఖ ఆసుపత్రి క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టే) జాబితాలో ఉందో లేదో ముందే చూడండి. కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా), రూమ్ అద్దె పరిమితి కూడా చదవండి. ఏజెంట్లు వీటి గురించి నోరు విప్పరు!

బీపీ, షుగర్ దాచొద్దు. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ రాని మొదటి కాలం) 3 ఏళ్లు మించకూడదని 2024 నుంచి నిబంధన. దాచిపెడితే మాత్రం క్లెయిమ్ దగ్గర టెన్షన్ తప్పదు.

70 నిండాక ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది. పథకంలో నమోదైన ఆసుపత్రి అయితే విశాఖలోనూ చెల్లుతుంది. అయినా కార్డు వచ్చింది కదా అని పాత పాలసీ మానేయకండి, ఆ వయసులో కొత్తది దొరకడం కష్టం.