గంధం సబ్బు సంగతి

బుజ్జీ,

ప్రభువు నామమున వందనాలు. మీ సంఘం యౌవనస్థులతో కలిసి దసరా సెలవులకు అవనిగడ్డ దగ్గరి అనాథాశ్రమానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మా ఇంటి పిల్ల అటువైపు వెళ్తోందని పొద్దున్నంతా ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాచిన నీళ్లే తాగు. జడ ముడిచి పెట్టుకో, పేలు ఎక్కుతాయి. పిల్లల ఫొటోలు ఊరంతా పంచకు, 2015 నాటి బాలల న్యాయ చట్టం ఒప్పుకోదు. గోళ్లు కత్తిరించుకుని వెళ్లు.

గోళ్లంటే గుర్తొచ్చింది, అసలు సంగతి గజ్జి. నవ్వకు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది పోయారు. మరుసటి వేసవిలో మా సంఘం నుంచి ఆరుగురం వెళ్లాం. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. రేకుల షెడ్డు, ఇరవై ఆరుగురు పిల్లలు, ఒకే ఒక్క ఆయమ్మ. మేము దిగిన పొద్దున నాలుగేళ్ల పిల్లవాడు ఒళ్లంతా తెల్లటి మందు పూతతో, మంటకు ఏడుస్తూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒకటే వాసన. ఆయమ్మ పెరట్లో గంగాళంలో దుప్పట్లు ఉడకబెడుతోంది, వాడివైపు చూడనైనా లేదు. ఇదేం రాతి గుండె అనుకున్నాను. మా అమ్మ ఇచ్చిన గంధం సబ్బు తీసి వాడికి శుభ్రంగా నీళ్లు పోసి, పౌడరు రాసి, కొత్త చొక్కా తొడిగాను. అది చూసి మిగతావాళ్లు వరస కట్టారు. తొమ్మిదిమందికి పోశాను. నా అంత పుణ్యాత్మురాలు లేదనుకున్నాను!

తడి దుప్పట్లు భుజాన వేసుకుని వచ్చి, ఆయమ్మ అక్కడే ఆగిపోయింది. “ఎంతమందికి పోశావమ్మా?” అంది. అంతే.

నేను కడిగేసిన ఆ తెల్లటి పూత బెంజైల్ బెంజోయేట్, గజ్జి మందు. మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి, రోజంతా ఒంటి మీద ఉంచాలి. అందరికీ ఒకేసారి రాయాలి, ఒక్కరికి మిగిలినా మళ్లీ అందరికీ పాకుతుంది. ముందురోజు సాయంత్రమే ఇరవై ఆరుగురికీ రాసిందట. ఇంకో సీసా మచిలీపట్నం నుంచి రావాలి. అది వచ్చిన రోజు మొత్తం పని మొదటి నుంచి: మందు, దుప్పట్లు, గంగాళం, కట్టెలు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. అందరికీ రాశాక, సీసా తలకిందులు చేసి, అడుగున మిగిలిన చుక్కలను తన వేళ్ల సందుల్లో పులుముకుంది. అప్పుడు చూశాను. ఆ వేళ్ల నిండా పొక్కులే. ఆమెకూ ఉంది, మాకు తెలియలేదు.

ఆ తర్వాత నేను నోరు మూసుకుని ఆమె వెనకాలే తిరిగాను. చేతికి గాజులుండేవి కావు, పసిపిల్లలకు గీరుకుంటాయని. రాత్రి దీపం పట్టుకుని పిల్లల పాదాలు లెక్కపెట్టేది. తలలు ముట్టుకుంటే లేస్తారట. యాభై రెండు వచ్చేదాకా పడుకునేది కాదు.

నువ్వు నాలాంటి మొద్దువు కాదు, నాకు తెలుసు. కానీ నీకూ ఏడ్చే పిల్లను చూస్తే కాలు నిలవదు. చిన్నప్పుడు వీధి కుక్కపిల్లలను పరుపు మీద పడుకోబెట్టినదానివి. అందుకే చెబుతున్నాను, అక్కడి ఆయమ్మలను అడగకుండా ఏ బిడ్డకూ నీళ్లు పోయకు, ఏమీ తినిపించకు. ఆమె కసురుకుంటున్నా, ఎత్తుకోకపోయినా, ఒకరోజు ఆగి చూడు. ఒక పూట ఆమె అంట్లు నువ్వు తోముతానను. ఒప్పుకుంటే మంచిది, లేకపోతే బతిమాలకు.

చేరగానే ఫోను చెయ్యి. రాత్రి పది దాటినా పరవాలేదు, మేలుకునే ఉంటాను. తిరిగి వచ్చాక ముందు మా ఇంటికి రా. నీ వేళ్ల సందులు నేను చూడాలి.

మీ పెద్దమ్మ