బద్ధకోణాసనం సులువుగా వస్తోంది, కాళ్లు చాపితే మాత్రం తెరుచుకోవడం లేదు. ఎందుకు?

అరికాళ్లు కలిపి కూర్చుంటే మోకాళ్లు దాదాపు నేలకు ఆనుతున్నాయని, అదే ఉపవిష్టకోణాసనంలో కాళ్లు చాపి వెడల్పు చేయబోతే మోకాలి లోపలి వైపు లాగి ఆగిపోతోందని రాశారు. నా యోగా క్లాసులో ఈ ప్రశ్న తరచూ వింటుంటాను. మీ తొడలు వదులా, బిగువా అంటే, రెండూ నిజమే కావచ్చు.

తొడ లోపలి వైపు ఉండేది ఒక్క కండరం కాదు. పెక్టినియస్, అడక్టర్ లాంగస్, బ్రెవిస్, మాగ్నస్ అనే నాలుగూ కటి దగ్గర మొదలై తొడ ఎముకతోనే ఆగిపోతాయి. గ్రాసిలిస్ ఒక్కటే మోకాలు దాటి, దాని కింద కాలి ఎముక లోపలి వైపున అతుక్కుంటుంది. మోకాలు మడిస్తే అది వదులవుతుంది. అందుకే బద్ధకోణాసనంలో అది అడ్డు రాదు. మోకాలు చాపి కాలు పక్కకు జరిపితే రెండు వైపుల నుంచీ సాగుతుంది, ఆ లాగుడే మీకు మోకాలి దగ్గర తెలుస్తోంది.

ఒకసారి ఇలా చేసి చూడండి. కాళ్లు ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, అక్కడే మోకాళ్లు కాస్త మడవండి. వెంటనే ఇంకొంచెం వెడల్పు వచ్చిందంటే అడ్డుపడుతున్నది గ్రాసిలిస్, దాంతోపాటు తొడ వెనక కండరాలు.

ఇక తుంటి సంగతి. నా అనుభవంలో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. మాగ్నస్ వెనక భాగం మనం కూర్చునే ఎముక దగ్గర మొదలవుతుంది. కాబట్టి తుంటి ఎంత మడిస్తే అది అంత సాగుతుంది. కాళ్లు తెరిచి ముందుకు వంగినప్పుడు పిర్ర కింద లోతుగా పట్టేసినట్టు ఉండేది చాలావరకు అందుకే. లాంగస్, పెక్టినియస్ ముందు వైపు కండరాలు, వాటి తీరు వేరు. వెల్లకిలా పడుకుని అరికాళ్లు కలిపి, పాదాలను మెల్లగా కిందికి జరపండి. తుంటి చాపుకునే కొద్దీ లాగుడు గజ్జల్లోకి, ముందు వైపుకి వస్తుంది. కాళ్ల మధ్య వెడల్పు పెరగకపోయినా సరే, ఈ మార్పు తెలుస్తుంది.

కండరం ఏ పనీ చేయకపోయినా, సాగదీస్తే ఎదురు లాగుతుంది. మొదట ఆ టెన్షన్ నెమ్మదిగా పెరుగుతుంది, చివర్లో ఒక్కసారిగా ఎక్కువవుతుంది. ఆ చివర్లో బలవంతం చేయొద్దు. పక్కన కూర్చున్నవాళ్లు మోకాళ్ల మీద చేతులు వేసి నొక్కడం నాకు అసలు ఇష్టం ఉండదు, నా క్లాసులో ఒప్పుకోను కూడా.

మీకైతే మడతపెట్టిన దుప్పటి మీద కూర్చోమంటాను. కూర్చునే చోటు ఎత్తయితే నడుం గూను పోకుండానే తుంటి మడత కాస్త తగ్గుతుంది, మాగ్నస్‌కీ తొడ వెనక కండరాలకీ ఊపిరాడుతుంది. మోకాళ్లు కొద్దిగా మడిచి, మోకాలి చిప్పలు పైకప్పు వైపు చూసేలా ఉంచి, నిదానంగా ఊపిరి వదులుతూ కూర్చోండి. రోజులు గడిచే కొద్దీ మోకాళ్లు చాపుకుంటూ వెళ్లొచ్చు.

ఒక్క జాగ్రత్త. తుంటి బయటి వైపో, గజ్జ లోతులోనో ఎముకకు ఎముక తగిలినట్టు నొక్కుకుంటుంటే అది కండరం బిగువు కాకపోవచ్చు, ఎంత సాగదీసినా అది పోదు. మోకాలి కీలు లోపలే పోటు వస్తుంటే వెంటనే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. అవేవీ లేకపోతే పై రెండూ చేసి చూసి, లాగుడు ఎక్కడ తెలిసిందో కింద రాయండి. దాన్ని బట్టి ముందు ఏ కండరం మీద పని చేయాలో చెబుతాను.