జాబితా ముందు కోలన్ ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: చిత్తూరులో మామిడి గుజ్జు పరిశ్రమలో పనిచేస్తున్నాను. విదేశీ కొనుగోలుదారులకు ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాయడం నా పని. ‘అవర్ ప్రోడక్ట్స్ ఆర్: తోతాపురి పల్ప్, ఆల్ఫోన్సో పల్ప్ అండ్ గువా పల్ప్’ అని రాస్తే మేనేజర్ గారు కోలన్ కొట్టేశారు. జాబితా ముందు కోలన్ ఉండాలి కదండీ? ‘సబ్జెక్ట్’ పక్కన కోలన్, దాని పక్కన చిన్న గీత కూడా పెట్టాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మేనేజర్ గారు చేసింది సరైన దిద్దుబాటేనండీ. జాబితా ఉందా లేదా అన్నది కాదు, కోలన్‌కు ముందున్నది పూర్తి వాక్యమా కాదా అన్నది చూడాలి. కోలన్ చోట ఫుల్‌స్టాప్ పెట్టి, అక్కడిదాకా పైకి చదవండి. ‘అవర్ ప్రోడక్ట్స్ ఆర్’ దగ్గర ఆగితే మాట సగంలోనే తెగిపోతుంది. ‘ఆర్’ అనే క్రియ తన తరువాతి మాటల కోసం చూస్తుంటే మధ్యలో అడ్డం పెట్టినట్టవుతుంది. ‘ఇన్‌క్లూడ్’, ‘సచ్ యాజ్’ తరువాత కూడా ఇదే తప్పు జరుగుతుంది.

మనవాళ్లలో ఈ అలవాటుకు కారణముంది. తెలుగులో ‘మా ఉత్పత్తులు’ అని కోలన్ పెట్టి పేర్లు రాసేస్తే సరిపోతుంది, క్రియ అక్కర్లేదు. ఆ పద్ధతినే ఇంగ్లిష్‌లోకి తెచ్చి, మధ్యలో ‘ఆర్’ చేరుస్తాం.

దిద్దడానికి రెండు దారులు. కోలన్ తీసేయండి, వాక్యం దానంతటదే నడుస్తుంది. లేదంటే ‘వి మేక్ త్రీ ప్రోడక్ట్స్: తోతాపురి పల్ప్, ఆల్ఫోన్సో పల్ప్ అండ్ గువా పల్ప్’ అని రాయండి. కొనుగోలుదారుకు మూడు రకాలని ముందే తెలుస్తుంది కాబట్టి రెండోదే మేలు. ఒక్కో పేరు ఒక్కో వరుసలో వేయాలంటే ‘యాజ్ ఫాలోస్’ అని ముగించి కోలన్ పెట్టండి.

కోలన్‌కు ఇంకో మంచి పని ఉంది, దాన్ని మనం తక్కువగా వాడతాం. ‘ద కన్‌సైన్‌మెంట్ వజ్ డిలేడ్: ద సర్టిఫికెట్ కేమ్ లేట్’ అన్నప్పుడు, మొదటి మాటకు కారణం రెండోది చెబుతోంది. అక్కడ సెమీకోలన్ పెడితే రెండు సంగతులూ పక్కపక్కన నిలబడతాయి తప్ప, కారణమని అంత గట్టిగా తెలియదు. కోలన్ తరువాత పూర్తి వాక్యం వస్తే బ్రిటిష్ పద్ధతిలో సాధారణంగా చిన్న అక్షరంతో మొదలుపెడతారు, అమెరికాలో చాలామంది పెద్ద అక్షరం వేస్తారు. ఏదైనా ఒకటే పట్టుకోండి.

‘సబ్జెక్ట్’, ‘డేట్’ వంటివి శీర్షికలు, వాక్యాలు కావు. వాటికి పై పరీక్ష వర్తించదు, కోలన్ ఒక్కటి చాలు. పక్కన గీత పాత అలవాటు, మానేయండి. కోలన్ ముందు ఖాళీ వదలకూడదు, తరువాత ఒక్కటే వదలాలి. ‘డియర్ సర్’ తరువాత అమెరికా వ్యాపార లేఖల్లో కోలన్, మన దగ్గర కామా.