టెక్ సందేహాలు: మోటార్ బిల్డింగ్ సెట్లకు అంత ధర ఎందుకు? రిమోట్ ఎందుకు మొరాయిస్తుంది?

చీమకుర్తి నుంచి ఒక తండ్రి: గ్రానైట్ క్వారీలో తిరిగే పొక్లెయిన్‌ని చూసి మా వాడు అలాంటి సెట్టే కావాలని కూర్చున్నాడు. ముక్కలు బిగించి తయారుచేసుకునే రిమోట్ పొక్లెయిన్ ఒకచోట నాలుగైదు వేలకే ఉంది. ఇంకోచోట అర లక్ష పైమాటే చెబుతున్నారు. రెండూ ప్లాస్టిక్కే కదా, ఇంత తేడా ఎందుకు?

ముక్కల లెక్క చూసి ధర అంచనా వేయొద్దు. అక్కడే చాలామంది బోల్తా పడతారు. లెగో 2019లో తెచ్చిన లీభెర్ ఆర్ 9800 పొక్లెయిన్‌లో (సెట్ నంబరు 42100) 4108 ముక్కలు, ఏడు మోటార్లు, రెండు హబ్‌లు (సెల్స్ వేసి, మోటార్లకు వైర్లు కలిపే పెట్టెలు). వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 449.99 డాలర్లు. అదే కంపెనీ 2023లో తెచ్చిన ఎల్ఆర్ 13000 క్రేన్‌లో (42146) ముక్కలు 2883 మాత్రమే, మోటార్లు ఆరు, హబ్‌లు రెండు. వచ్చినప్పుడు ధర మాత్రం 679.99 డాలర్లు. మొదటిదాంట్లో ముక్కకు 11 సెంట్లు పడితే, రెండోదాంట్లో ఇరవై మూడున్నర. కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే ముక్కల సంఖ్య మీకు చెప్పేది చాలా తక్కువ. సెట్లో డబ్బంతా పోయేది మోటార్లకు, వాటిని నడిపే హబ్‌కు, బ్రాండ్ పేరుకు, ఆపైన పన్నులకు.

పన్నుల సంగతి కూడా చూద్దాం. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023 బడ్జెట్‌లో 70కి పెరిగింది. ఎలక్ట్రానిక్ బొమ్మ అయితే దానిమీద 18 శాతం జీఎస్టీ. వంద రూపాయల సరుకు ఓడరేవులో దిగితే సుంకంతో 170, జీఎస్టీతో రెండు వందలు దాటుతుంది. దిగుమతిదారు లాభం, దుకాణం లాభం ఇంకా కలవనే లేదు. డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి ‘ఇక్కడ దోచుకుంటున్నారు’ అనుకునే ముందు ఈ లెక్క వేసుకోండి.

నాలుగైదు వేల సెట్లు దాదాపు అన్నీ చైనావి. వాటిలో సాధారణంగా రెండు మూడు మోటార్లు, ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ బాక్స్, చేతి రిమోట్ ఉంటాయి. ఏడు మోటార్ల సెట్లో బూమ్ (పెద్ద చేయి), ఆర్మ్ (దాని చివరి చిన్న చేయి), బకెట్ దేనికది కదులుతాయి, పైభాగం గుండ్రంగా తిరుగుతుంది, రెండు చైన్లూ వేర్వేరుగా నడుస్తాయి. రెండు మోటార్లదాంట్లో బండి ముందుకూ వెనక్కూ పోతుంది, పక్కకు తిరుగుతుంది, అంతే. బకెట్‌ని చేత్తో ఎత్తాలి. మీ వాడు క్వారీలో అసలు బండిని చూసి ఉన్నాడు కాబట్టి ఇంటికి తెచ్చిన సాయంత్రమే ఆ తేడా పట్టేస్తాడు! అందుకని అమ్మేవాడిని ‘మోటార్లు ఎన్ని, ఏ మోటారు దేన్ని కదుపుతుంది’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే పెట్టె వెనక బొమ్మలు చూడండి, బాణం గుర్తులతో వేసి ఉంటుంది.

మోటార్ వైరు చివర ప్లగ్ కూడా చూడండి. అది వైరు మీదే శాశ్వతంగా అతికించి, బాక్స్ లోపలికి పోయి ఉంటే ఒక మోటారు కాలినా మొత్తం బాక్స్ మార్చాలి. విడిగా ఊడొచ్చే ప్లగ్ అయితే మోటారు ఒక్కటే కొనుక్కోవచ్చు. పదేళ్లలోపు పిల్లాడికైతే రెండు మూడు మోటార్ల సెట్టు, చేతి రిమోట్‌తో, చాలు. 4108 ముక్కలు పెద్దవాళ్లకే వారాంతాలు తింటాయి.

ఇంకో రెండు తనిఖీలు. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవాటికి ప్రమాణం ఐఎస్ 15644. గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ నంబరును (లైసెన్స్ నంబరు) బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరి పేరున ఉందో వస్తుంది. దిగుమతి సరుకు మీద కూడా దిగుమతిదారు పేరు, చిరునామా, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ ఉండాలి. అంతకంటే ఎక్కువ అడిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఇక ‘ఎంఆర్‌పీ మీద 70 శాతం తగ్గింపు’ అన్న మాటను పట్టించుకోకండి. ఎంఆర్‌పీ వేసేది వాళ్లే కదా.

నెల్లూరు నుంచి ఒక తల్లి: ఫోన్ యాప్‌తో నడిచే సెట్టు తీసుకున్నాం. ఫోన్లో బ్లూటూత్ ఆన్ చేసి వెతికితే సెట్టు పేరే కనపడటం లా. ఎట్టా కలపాలి? అసలు పిల్లోడి చేతికి ఫోన్ ఇయ్యడమే మాకు ఇష్టం లేదు, రిమోట్ విడిగా కొంటే పనిచేస్తదా?

ఇయర్‌ఫోన్లను కలిపినట్టు ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘పెయిర్’ చేయకూడదమ్మా. ఈ హబ్‌లు తక్కువ శక్తితో నడిచే బ్లూటూత్ వాడతాయి. వాటిని యాప్‌లోంచే కలపాలి. ఇంతకుముందు సెట్టింగ్స్‌లో ఏదైనా జత చేసి ఉంటే ముందు దాన్ని ‘ఫర్గెట్’ కొట్టండి. ఆండ్రాయిడ్ 11, అంతకంటే పాత ఫోన్ అయితే యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చి, లొకేషన్ ఆన్ చేసి ఉంచాలి. బొమ్మకి లొకేషన్ ఎందుకని చాలామంది ‘డినై’ నొక్కేస్తారు, దాంతో యాప్‌కి హబ్ కనిపించదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ అనే అనుమతి వస్తుంది, అది ఇస్తే సరిపోతుంది. తర్వాత యాప్ తెరిచి, హబ్ మీద బటన్ ఒకసారి నొక్కితే లైటు మినుకుమంటుంది. ఇంట్లో ఇంకో ఫోన్లో అదే యాప్ తెరిచి ఉంటే హబ్ దానికి కలిసిపోయి మీకు దొరకదు, ఆ ఫోన్లో యాప్ మూసేయండి. మొదటిసారి కలిసినప్పుడు ఫర్మ్‌వేర్ (హబ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అడుగుతుంది. కొత్త సెల్స్ వేసి మాత్రమే ఒప్పుకోండి.

కలిసిన తర్వాత బూమ్ లేపమంటే బండి గిర్రున తిరిగిందనుకోండి, వైర్లు తారుమారయ్యాయని అర్థం. పెద్ద హబ్ మీద ఏ, బీ, సీ, డీ అని నాలుగు పోర్టులు (ప్లగ్ దూర్చే చోట్లు) ఉంటాయి. ఏ మోటారు ఎందులోకో పుస్తకంలో ఆ మెట్టు దగ్గర మళ్లీ చూడండి.

రిమోట్ విషయం మీ దగ్గరున్న హబ్‌ని బట్టి ఉంటుంది. మీది లెగో అయితే దాని చేతి రిమోట్ నంబరు 88010. రైళ్లలో వచ్చే రెండు పోర్టుల హబ్ (88009) అయితే రెండింటి మీదా ఆకుపచ్చ బటన్ నొక్కగానే నేరుగా కలుస్తుంది, ఫోన్ అక్కర్లేదు. లెగో ‘టెక్నిక్’ రకం పెద్ద బండ్లలో వచ్చే నాలుగు పోర్టుల హబ్ (88012) మాత్రం రిమోట్‌తో నేరుగా కలవదు. ఇది తెలియక రిమోట్ కొని బాధపడేవాళ్లు ఎక్కువ. దానికి దారి పైబ్రిక్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి పైబ్రిక్స్ సైటు నుంచే బ్లూటూత్ ద్వారా హబ్‌లోకి ఎక్కించాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పదీ పదిహేను వరుసల ప్రోగ్రామ్ రాసి హబ్‌లో దాచుకుంటే, ఆ తర్వాత హబ్ బటన్ నొక్కి రిమోట్‌తో ఆడుకోవడమే, ఫోన్‌తో పనిలేదు. కావాలంటే అసలు ఫర్మ్‌వేర్‌కి తిరిగి రావచ్చు. పైథాన్ వచ్చిన ఇంజినీరింగ్ పిల్లాడు మీ చుట్టాల్లో ఒకడైనా ఉంటాడు, గంట పని.

యాప్ మీదే ఆధారపడే సెట్లంటే నాకు కొంత జంకు. లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో సెట్టునే 2022 చివర్లో ఆపేశారు. ప్లాస్టిక్ ముప్పై ఏళ్లుంటుంది, యాప్ అలా ఉండదు.

కావలి నుంచి: బంధువుల దగ్గర పాత లెగో రిమోట్ బండి వచ్చింది. హాల్లో బాగా నడుస్తుంది, మిద్దె మీదికి తీసుకెళితే కదలదు.

మీది లెగో పాత మోటార్ల వరస, ‘పవర్ ఫంక్షన్స్’ రకం. అది టీవీ రిమోట్ లాగే ఇన్‌ఫ్రారెడ్‌తో, 38 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, అందులో రిమోట్ మాట రిసీవర్‌కి వినపడదు. ఎండ తగ్గాక ఆడుకోండి, లేదా రిసీవర్ నల్ల బుడిపె మీద నేరుగా ఎండ పడకుండా చూడండి. ఆ బుడిపెను బండి బాడీ లోపల దాచేసి ఉన్నా ఇదే గతి. రిమోట్ చెడిందేమోనని అనుమానమైతే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కండి, కొనలో తెల్లగానో ఊదాగానో వెలుగు కనిపిస్తే రిమోట్ బాగున్నట్టే. రిమోట్‌కీ రిసీవర్‌కీ ఒకే ఛానెల్ (నాలుగున్నాయి) ఉండాలి.

ఒకటి గుర్తుంచుకోండి, ఈ పాత మోటార్ల ప్లగ్ కొత్త హబ్‌లలోకి దూరదు.

ఒంగోలు నుంచి: హబ్ లైటు వెలుగుతుంది, మోటార్ తిరగగానే ఆరిపోతుంది. రెండుసార్లు సెల్స్ మార్చాం.

ఏ సెల్స్ వేశారో రాయలేదు, నా అనుమానం మాత్రం వాటిమీదే. గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కి వేసే చవక కార్బన్-జింక్ సెల్స్ ఎక్కువ కరెంటు ఇవ్వలేవు. పెద్ద మోటారు ఇరుక్కుంటే ఒక ఆంపియర్ పైనే లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజి కుంగిపోయి హబ్ ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ లైటు వెలుగుతుంది కాబట్టి సెల్స్ బాగున్నాయనిపిస్తుంది. ఆరు ఆల్కలైన్ సెల్స్ ఒకేసారి కొత్తవి వేయండి. నిత్యం ఆడేవాళ్లయితే ఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ మేలు. ఆరింటికీ కలిపి 9 వోల్టుల బదులు 7.2 వస్తుంది, వేగం కాస్త తగ్గుతుంది కానీ కరెంటు నిలకడగా ఇస్తాయి. పాతవీ కొత్తవీ కలపొద్దు.

అయినా ఆగిపోతుంటే తప్పు బిగింపులో ఉంటుంది. మోటార్ ఊడదీసి ఇరుసును వేలితో తిప్పి చూడండి. వేలు వదిలాక కొంచెమైనా తిరగాలి. తిరగకపోతే ఇరుసు మీది బుష్‌ని (చిన్న ఉంగరం లాంటి ముక్క) బీమ్‌కి (చిల్లుల పట్టీ) మరీ ఆనించి నొక్కేశారన్నమాట. గోరు అంచు పట్టేంత సందు వదలండి, చాలాసార్లు ఇంతే రోగం. బూమ్ లేపే సిలిండర్ లాంటి యాక్చుయేటర్ చివరికి వెళ్లాక ‘టక్ టక్’మంటే భయపడకండి. లోపల క్లచ్ జారుతోంది, అది మోటారును కాపాడటానికే. మధ్యలోనే టక్‌టక్‌మంటే మాత్రం బరువు ఎక్కువైందనో, జత యాక్చుయేటర్లలో ఒకటి పొడవుగా ఒకటి పొట్టిగా బిగించారనో అర్థం. రెండింటినీ పూర్తిగా లోపలికి తిప్పేసి మళ్లీ అమర్చండి. బరువు లేపలేకపోతే 8 పళ్ల గేరుతో 40 పళ్లదాన్ని తిప్పండి. వేగం అయిదోవంతు అవుతుంది, బలం దాదాపు అయిదింతలు.

క్లుప్తంగా మరికొన్ని.

మైపాడు బీచ్‌లో నడపొచ్చా అని అడిగినవారికి: వద్దు. ఇసుక గేర్లలోకి, ఉప్పుగాలి ప్లగ్‌లలోకి పోతుంది. మోటారును నీళ్లతో కడగలేం.

టైప్-సీ పోర్టున్న బ్యాటరీ బాక్స్ కొత్త ఫోన్ ఛార్జర్‌తో ఎక్కడం లేదన్నవారికి: చవక బొమ్మల్లో ఛార్జర్‌కి తన ఉనికి చెప్పే రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు, అందుకని రెండువైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఛార్జర్ కరెంటే వదలదు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్, మామూలు 5 వోల్టుల ఛార్జర్ వాడండి.

అమెరికా నుంచి కొడుకు సెట్టు తెస్తున్నాడన్న పెద్దాయనకి: సెల్స్‌తో నడిచేది కాబట్టి అక్కడి 120 వోల్టుల గొడవ లేదు. విడి లిథియం బ్యాటరీ ఉంటే చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోమనండి. బిల్లు దగ్గరుంచుకోమనండి, కస్టమ్స్ వాళ్లు అడిగితే విలువ చూపించడానికి. ఇక్కడికొచ్చాక వేసవిలో కారు డిక్కీలో మాత్రం వదలకండి. ఆడటం అయిపోతే మామూలు సెల్స్ తీసేసి, లిథియం బాక్స్ అయితే సగం ఛార్జ్‌తో ఇంట్లో నీడపట్టున పెట్టండి.